బండమీదపల్లె దిక్కుకు తిప్పిన మైకు

పలమనేరు,
11 ఫిబ్రవరి 2025

రుక్మిణక్కకు,

పలమనేరు పురజనులారా, పాలవ్యాన్ల వాళ్లారా, టమోటా మండీ వాళ్లారా, పనీపాటా లేనివాళ్లారా! మునస్వామి గారి ఏకైక పుత్రుడు గిరిప్రసాద్ అను నేను చేస్తున్న ప్రకటన శ్రద్ధగా ఆలకించండి. నేటి నుండి మా ఇంట్లో ఉప్మా నిషేధం. నా ఎడమకాలి చెప్పు ఎత్తుకుపోయిన కుక్క ఆ చెప్పయినా తెచ్చి ఇవ్వాలి, లేదా కుడికాలిది కూడా తీసుకుపోవాలి. ఒంటి చెప్పుతో దానికీ నాకూ గౌరవం లేదు. ఆఖరుగా, తిరుపతిలో ఉన్న మా అక్క తన చెవి మిషన్‌ను ఎండుమిరపకాయల డబ్బాలో నుండి తీసి చెవిలో పెట్టుకోవాలి. ఈ ఆఖరుదానికి అప్పీలు లేదు.

నవ్వలేదు కదా? తెలుసు. నీ కూతురు ఫోన్ చేసింది. "మామా, అమ్మ గది దాటి రాలేదు. పిలిస్తే పలకదు. మిషన్ యాడ పెట్టిందో అని ఇల్లంతా వెతికినాను, మిరపకాయల్లో ఉండాది" అని స్రవంతి ఏడ్చింది. నీతో ఫోన్‌లో మాట్లాడితే మా వీధి మొత్తానికి వినిపిస్తుంది, నీకు తప్ప. వాట్సాప్‌లో రాస్తే నీకంటే ముందు స్రవంతి చదువుతుంది. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి నన్ను చూసిన చూపు, పోయినవాడు లేచి వచ్చాడా అన్నట్టుంది.

ఇప్పుడు అసలు సంగతి. నాయన మైకులు దొరికాయి.

బొంకు కాదు. గంగవరం రోడ్డులో ఏబెల్ అని పాత ఇనుము కొనే ఆయన ఉన్నాడు. మా పాత గ్రైండర్ అమ్ముదామని పోయాను. ఆయన దొడ్లో పెద్ద అల్యూమినియం గొట్టం ఒకటి బోర్లించి ఉంది. కింద కోడిపిల్లలు. "ఇదేందప్పా?" అంటే, "పాతకాలం మైకు సార్. గద్ద తన్నుకోని పోకుండా మూసినా" అన్నాడు. ఎత్తి చూస్తే, ఉమ్మెత్త పువ్వు మాదిరి అదే నోరు. అంచు మీద నీలం రంగులో 'ము' అన్న అక్షరం, పక్కన 'సౌం' సగం. మునస్వామి సౌండ్ సర్వీస్! దాని జోడీ లోపల ఉంది. చెనక్కాయలు సంచుల్లోకి పోసే గరాటుగా ఉద్యోగం చేస్తోంది. ఒట్టి గొట్టాలు రెండు, గోనెసంచిలో వాటి వెనక బిగించే, శబ్దం పుట్టించే యూనిట్లు రెండు. అంతే మిగిలింది.

వీటిని బాగు చేయించి, మే నెలలో మన ఊరు ఎర్రమిట్టలో ధర్మరాజుల గుడి భారతం తిరునాళ్లకు కట్టిస్తాను. పద్దెనిమిది రోజుల హరికథా వీటిలోనే మోగాలి. నువ్వు మిషన్ పెట్టుకుని వచ్చి వినాలి. అప్పటిదాకా చెవికి సాధన చేయించు.

ఒంటి చెప్పు తమ్ముడు,
గిరి


తిరుపతి,
20 ఫిబ్రవరి 2025

గిరికి,

ఆశీస్సులు. ఉప్మా వద్దన్నవాడివి, నీ పెండ్లాం భానుశ్రీని కూర్చోబెట్టి నువ్వే వండు. అప్పుడు తెలుస్తుంది ఉప్మా విలువ.

చెవి మిషన్ గురించి అందరూ చెప్పేవాళ్లే, పెట్టుకునేది నేను. పెట్టుకుంటే గిన్నెలన్నీ నా తలకాయలో పడినట్టుంటుంది. పక్కింటి మిక్సీ వినిపిస్తుంది, ఎదురుగా కూర్చున్న కూతురి మాట వినిపించదు. తీసి పడేశాను. పోయిన నెల అలిపిరి రోడ్డులో పూలు కొంటుంటే వెనక నుంచి ఆటో మీదికి వచ్చేసింది. హారన్ కొట్టాడట. డ్రైవర్ దిగి నా ముఖం మీద నోరు ఆడించాడు. ఏం తిట్టాడో తెలియలేదు. చుట్టూ జనం నవ్వారు, అది మాత్రం తెలిసింది. నవ్వును చూడటానికి చెవులు అక్కరలేదు కదా. ఆ రోజు నుంచి గడప దాటలేదు.

డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపించింది. ఎడమ చెవి ఎప్పుడో పోయిందట. కుడి చెవిని ఇట్లాగే వాడకుండా వదిలేస్తే మాటలు పోల్చుకోవడం కూడా మరిచిపోతుందట, ఆ తరువాత మిషన్ పెట్టినా లాభం లేదట. మరిచిపోనీ. వినాల్సినవి ఏం మిగిలాయి?

ఇక నాయన మైకులంటావా. అవి నా దిక్కు ఎప్పుడు తిరిగాయి గిరీ? మీ బావను నేనే ఇష్టపడి చేసుకున్నానని నాయన పెండ్లికి రాలేదు. బండమీదపల్లెకు నేను కాపురానికి పోయే రోజు వీధిలో నిలబడి అన్నాడు: "పో. ఇంక నా మైకు మీ ఊరి దిక్కు తిరగదు, నా గొంతు నీకు ఇనపడదు." నువ్వు అప్పటికే మద్రాసులో హోటల్ పనికి పారిపోయి ఉన్నావు. ఎర్రమిట్టకూ మా ఊరికీ మధ్య ఒక వంక, నాలుగు చెనక్కాయ చేన్లు. పెండ్లికి ముందు నాయన మైకు పెట్టి, తన గొంతుతో ఊళ్లను పిలిచి కథ మొదలుపెట్టిస్తే ఆ ఊళ్లో వంట చేసుకునే ఆడవాళ్లు కూడా హరికథ వినేవాళ్లు. ఆ ఏడాది భారతంలో నేను మిద్దె ఎక్కి నిలబడ్డాను. ఒక్క మాట వినపడలేదు. మరుసటి రోజు కూడా. ఎవర్నీ అడగలేదు. అడిగితే మా నాయన నన్ను వెలివేశాడని నేనే చాటింపు వేసుకున్నట్టు కదా.

మళ్లీ ఏ ఏడాదీ మిద్దె ఎక్కలేదు. నాయన పోయినప్పుడు వచ్చాను, నోరు కట్టేసిన తరువాత. ఆ గొట్టాలు కోడిపిల్లల మీదే ఉండనీ. వాటికైనా నీడ.

రుక్మిణి


పలమనేరు,
5 మార్చి 2025

అక్కా,

కోడిపిల్లలకు ఏబెల్ వెదురు గంప కొన్నాడు. మైకులు మా ఇంటికి వచ్చేశాయి. భానుశ్రీ గడపలో నిలబడి, "ఇంట్లో ఒక నోరు సాలదని ఇంగ రెండు తెచ్చినావా?" అంది.

బాగు చేసేది దయానంద్. మోటార్లు చుట్టే షాపు. మాట తక్కువ మనిషి, నా పక్కన కూర్చుంటే ఎవరైనా అంతే అనుకో. ఒక గొట్టం గొంతులో కందిరీగలు మట్టితో గూడు కట్టుకున్నాయి. నీళ్లు పోసి నానబెట్టి, సైకిల్ చువ్వతో గీకి తీశాం. సొట్టలకు ఇసక మూట లోపల పెట్టి పైనుంచి కొయ్య సుత్తితో తట్టాలి. గట్టిగా కొడితే చీలుతుంది. నాకు ఓపిక లేదని నా చేతిలో సుత్తి పెరికేసుకున్నాడు. యూనిట్లలో ఒకటి బతికే ఉంది. రెండోదాని లోపలి పలక చినిగి, తీగ తెగిపోయింది. ఆ తీగ వెంట్రుక కంటే సన్నం. దయానంద్ ఊపిరి బిగబట్టి చుడతాడు, నేను కూడా బిగబట్టాలట. "నువ్వు నవ్వితే తెగుతాదన్నా" అని నన్ను బయట కూర్చోబెట్టాడు.

ఇంట్లో చింతపండు మొత్తం అయిపోయిందని భానుశ్రీ అలిగింది. అది వేరే కథ.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. మైకును స్తంభానికి కట్టడానికి వెనక ఒక ఇనప పట్టీ ఉంటుంది. ఒక మైకుది ఏబెల్ దొడ్లో దొరికింది. పట్టీని మైకుకు బిగించే బోల్టు తుప్పు పట్టి, ఒకే వాటంలో బిగుసుకుపోయింది. సుత్తికి కూడా కదలలేదు. పట్టీకి ఇంకో కొసన గాడి ఉంది. మన ధర్మరాజుల గుడి దగ్గర రాతి గుండు మీద ఆ పాత ఇనప స్తంభం ఇప్పటికీ ఉంది కదా, దాని మీద ఆ గాడి ఒకే తీరుగా కూర్చుంటుంది. అంటే నాయన ఆఖరుగా ఏ దిక్కుకు తిప్పి బిగించాడో, మైకు ఆ దిక్కే చూస్తుంది.

నిన్న తీసుకుపోయి పెట్టి చూశాను అక్కా. వంక మీదుగా, చేన్ల మీదుగా, నేరుగా బండమీదపల్లె. నీ మిద్దె.

నేను ఎక్కువ చెప్పను. నువ్వే ఆలోచించు.

గిరి


తిరుపతి,
13 మార్చి 2025

గిరీ,

మొదటి జాబులో ఒట్టి గొట్టాలు, యూనిట్లు, అంతే అన్నావు. ఇప్పుడు పట్టీ ఎక్కడ నుంచి వచ్చింది?

చిరుత దొడ్లోకి వచ్చిందని నన్ను రెండు గంటలు అటక మీద కూర్చోబెట్టినవాడివి నువ్వు. మీ బావ బస్సు కింద పడ్డాడని కబురు చేసి, నేను పరుగెత్తుకుని వస్తే ఇద్దరూ హోటల్లో దోసె తింటున్నారు. ఇవన్నీ నేను నవ్వి వదిలేశాను. ఇది అట్లాంటిది కాదు. నాయన మీద నాకున్న కోపం చాలా పాతది. దాన్ని ఆనుకునే నేను ఇన్నేళ్లు నిలబడ్డాను. దాన్ని లాగేసి నువ్వు చప్పట్లు కొట్టేటట్టుంటే, ఇప్పుడే చెప్పేయ్, తిట్టి వదిలేస్తాను.

నిజమా, కాదా? ఒక్క మాట చాలు.

రుక్మిణి


పలమనేరు,
19 మార్చి 2025

అక్కా,

నిజం. పట్టీ ఇనుముల గుట్ట అడుగున ఉంటే తరువాత దొరికింది. నా మీసం మీద ఒట్టు. ఇంత మంచి మీసం మీద ఎవరూ అబద్ధపు ఒట్టు వేయరు.

ఇక్కడ పెద్ద యుద్ధమే జరుగుతోంది. భారతం కమిటీ పెద్ద వెంకటముని ఈసారి బెంగళూరు నుంచి డబ్బా స్పీకర్లు తెప్పిస్తాడట. "గుండెలు అదిరేటట్టు ఉండాల గిరీ, ఈ గొట్టాల్లో గొంతు ముక్కుతో మాట్లాడినట్టు ఉంటాది" అన్నాడు. "అప్పా, హరికథ గుండెల్తో ఇంటారా, చెవుల్తో ఇంటారా? నీ డబ్బాలు మిట్ట దిగినాక దుమ్ము తప్ప ఏమీ పంపవు. మా నాయన గొట్టం మాటను మూట కట్టి వంక దాటించేది" అన్నాను. మూడు రోజులు గొడవ. చివరికి రాత్రి నాటకానికి డబ్బాలు, మధ్యాహ్నం హరికథకు మన మైకులు అని తీర్పయింది.

మిషన్ తీశావా డబ్బాలోంచి? ముందు బాగా దులుపు. లేకపోతే చెవిలో కారం.

గిరి


తిరుపతి,
8 ఏప్రిల్ 2025

గిరికి,

నీ మాట నమ్మాను. నమ్మిన తరువాత జరిగింది చెప్తాను. రెండుసార్లు రాసి చింపేశాను, ఇది మూడోది.

నాయన మైకు నా దిక్కే తిరిగి ఉందంటే, నేను ఎందుకు వినలేదు? ఈ ఒక్క ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు, ముసలిదాన్ని కాదు. ఆలోచించగా ఆలోచించగా నేను మూత పెట్టి దాచినది పైకి వచ్చింది.

ఆ ఏడాది భారతం మొదలైన రోజు, "ఒక్క పూట ఎర్రమిట్టకు పోయి వస్తాను" అన్నాను. మీ బావ, "మీ నాయన గొంతు వినకుండా ఉండలేవా?" అని కొట్టాడు. చెంప మీద కాదు, ఎడమ చెవి మీద. కొంచెం నెత్తురు వచ్చింది. వారం రోజులు రెండు చెవుల్లోనూ తుమ్మెదల రొద. ఆ రొదతోనే మిద్దె ఎక్కాను. వినపడకపోతే నాయనను తిట్టుకున్నాను. కుడి చెవి తేరుకుంది, ఎడమది తేరుకోలేదు. ఒక చెవితో బతకడం అలవాటయింది.

కొట్టింది ఆ ఒక్కసారే గిరీ. తరువాత పోయేదాకా నన్ను పువ్వులాగా చూసుకున్నాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు. తప్పంతా మైకుది అనుకుంటే సంసారం సాఫీగా నడిచింది.

పోయిన వారం డాక్టరమ్మ మళ్లీ అడిగింది, ఎడమ చెవికి దెబ్బ ఎప్పుడు తగిలిందని. ఇన్నాళ్లూ జ్వరం వచ్చి పోయిందని చెప్పేదాన్ని. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పేశాను. పక్కన స్రవంతి ఉంది.

అది వాళ్ల నాయన బిడ్డ, నీకు తెలుసు కదా. ఆయన పాత చొక్కాలు ఇప్పటికీ ఇస్త్రీ చేసి మడిచి పెడుతుంది. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది, మందులు ఇస్తుంది, పోతుంది. నేను పొద్దున లేవగానే మిషన్ పెట్టుకుంటున్నాను. ఇప్పుడు వినడానికి ఇంట్లో మాటే లేదు.

నాయనను ఇన్నేళ్లు తిట్టాను కదా. ఆయన పిలుస్తూనే ఉన్నాడు. పలకనిది నేనే.

రుక్మిణి


పలమనేరు,
16 ఏప్రిల్ 2025

అక్కా,

నాలుగు రోజుల నుంచి ఈ కాగితం ముందు కూర్చుంటున్నాను. నాకు మాట దొరకకపోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

బావతో నేను ఎన్ని దోసెలు తిన్నాను. ఎన్నిసార్లు నిన్ను ఏడిపించి ఇద్దరం పక్కకు పోయి నవ్వుకున్నాం. మా ఇంట్లో బావ పటానికి దండ మార్చేది నేనే. నిన్న గోడ మీద నుంచి దించాను. దించాక ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బీరువాలో పెట్టాను. మళ్లీ తీశాను. భానుశ్రీ చూసి, "ఏమైంది నీకు?" అంది. ఏమీ లేదన్నాను. పటం ఇప్పుడు మంచం మీద ఉంది, నేను కింద పడుకుంటున్నాను.

స్రవంతి మాట్లాడుతుంది. టైం ఇవ్వు.

రెండో యూనిట్ పలికింది. రెండూ కలిపి పెడితే మాత్రం మధ్యలో నిలబడినవాడికి గొంతు చచ్చిపోయి వినిపించింది. "ఒకదానికి తీగలు తిరగేసినామన్నా. ఇది తోస్తా ఉంటే అది గుంజుతా ఉండాది" అన్నాడు దయానంద్. తీగలు మార్చగానే దొడ్లో కాకులన్నీ లేచిపోయాయి.

నీకు ఒక మాట చెప్పాలి. జాబులో వద్దు. భారతానికి వచ్చినప్పుడు ఎదురుగా చెప్తాను.

గిరి


తిరుపతి,
7 మే 2025

గిరికి,

స్రవంతి మాట్లాడింది. మొన్న పొద్దున కాఫీ ఇస్తూ, "ఏ చెవిమా?" అని అడిగింది. ఎడమది చూపించాను. వచ్చి కుడి పక్కన కూర్చుంది. అప్పటి నుంచి కుడి పక్కనే కూర్చుంటోంది. వాళ్ల నాయన చొక్కాలు అట్లాగే ఉన్నాయి, ఇస్త్రీ మాత్రం మానేసింది.

భారతానికి వస్తాం. కానీ ఎర్రమిట్టకు రాను. బండమీదపల్లెలో మా పాత ఇల్లు కొన్నవాళ్లతో స్రవంతి ఫోన్‌లో మాట్లాడింది. మధ్యాహ్నం వచ్చి మిద్దె ఎక్కమన్నారు. హరికథ మొదలయ్యే వేళకు నేను అక్కడ ఉంటాను. ఆ రోజు ఎక్కడ నిలబడ్డానో అక్కడే నిలబడతాను. నువ్వు నాయన తిప్పిన దిక్కునే మైకు పెట్టు. ఆ బోల్టు కదపవద్దు, కొత్తది వేయవద్దు. వినపడితే నాయనకు పలికినట్టు. వినపడకపోతే ఇంక ఈ మిషన్ నాకెందుకు, మళ్లీ డబ్బాలోకే.

నువ్వేదో చెప్పాలన్నావు. తరువాత చెప్దువులే.

రుక్మిణి


పలమనేరు,
28 మే 2025

అక్కా,

మీరు తిరుపతి బస్సు ఎక్కిపోయాక స్రవంతి ఫోన్‌లో అంతా చెప్పింది. అయినా నా వైపు నుంచి జరిగింది రాస్తాను.

పొద్దున్నే స్తంభం ఎక్కాను. వెంకటముని కింద నుంచి, "రేయ్, ఊరు ఈ పక్క ఉంటే ఒక మైకు ఆ చేన్ల దిక్కు ఏంటికిరా? కాకులకు చెప్తావా కథ?" అని అరిచాడు. "మా అక్క ఉండాదప్పా ఆ పక్క" అన్నాను. ఏమనుకున్నాడో, వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

ఎండలో నీ మిద్దె కనిపిస్తూనే ఉంది. రెండు చీరలు, ఒకటి పసుపు, ఒకటి నీలం. కథ చెప్పే ఆయన గణపతి ప్రార్థన పాడాడు. మీరు కదలలేదు. ద్రౌపది సభలో నిలబడి, నాకు జవాబు చెప్పండి అని పెద్దలందరినీ అడిగే చోట గొంతు పైకి ఎత్తాడు. అప్పుడు పసుపు చీర చప్పున కూర్చుండిపోయింది. నా ప్రాణం పోయింది, పడిపోయావేమో అని. స్రవంతి ఫోన్ చేసింది. "మామా, అమ్మకు ఇనపడతాంది. జవాబు చెప్పండి అంటాంది ద్రౌపది అని నాకే చెప్తాంది. ఏడస్తా ఉండాది. తాత పిలిచినాడంటాంది" అంది. నేను స్తంభం పట్టుకుని కథ ముగిసేదాకా నీ మిద్దె దిక్కే చూస్తూ నిలబడ్డాను.

నువ్వు మిట్టకు రాకుండానే వెళ్లిపోయావు. ఎదురుగా చెప్పే ధైర్యం నాకు ఎట్లాగూ లేదు. చెప్పకుండా ఉంటే నువ్వు సంతోషంగా ఉంటావు, అది కూడా తెలుసు. ఆ సంతోషం కోసమే ఇన్నాళ్లు ఊరుకున్నాను. కానీ ఇన్నేళ్లు నాయన మీద కోపాన్ని ఆనుకుని నిలబడ్డానని నువ్వు రాశావు. నేను దాన్ని తీసి నా అబద్ధం ఒకటి ఆనించాను. నువ్వు ఉన్నదున్నట్టు డాక్టరమ్మ ముందు చెప్పేశావు. నేను నీకు చెప్పలేకపోతే నా మూతికి మీసం దండగ.

మైకులు నాయనవే. 'ము' అక్షరం నిజం, కోడిపిల్లలు నిజం, కందిరీగలు నిజం. పట్టీ, బోల్టు నిజం కాదు. పట్టీలు ఏనాడో ఎవరో ఇనుము కింద అమ్ముకున్నారు. నీ జాబు చదివాక బజారులో కొత్తది కొన్నాను. ఉప్పు, ఇంట్లో ఉన్న చింతపండు మొత్తం, ఆవు పంచితం కలిపి, నువ్వు వచ్చి చూసినా నమ్మేటట్టు అందులో పట్టీనీ బోల్టునూ నానబెట్టాను. ఎండలో పెడితే వారానికి నూరేళ్ల తుప్పు పట్టింది. నీ మిద్దె దిక్కుకు తిప్పి నేనే బిగించాను. నిన్ను గది దాటించాలని మాత్రమే అనుకున్నాను. నీ కోపం కింద ఏముందో నాకు తెలియదు అక్కా.

నాయన మైకు ఆ ఏడాది ఎటు తిరిగి ఉందో నాకు తెలియదు. చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. నీ దిక్కు తిప్పి ఉండవచ్చు, తిప్పకపోయి ఉండవచ్చు. నాయనను క్షమించి ఉంటే, కావాలంటే వాపసు తీసుకో. నన్ను క్షమించకు, తొందర లేదు. కానీ ఆ మధ్యాహ్నం వంక దాటి నీకు వినపడిన గొంతు కల్పన కాదు. మిషన్ మాత్రం తీయవద్దు.

మీసం ఈ పొద్దున గీయించేశాను. భానుశ్రీ గుర్తుపట్టక తలుపు వేసేసింది.

ఆ బోల్టు తిప్పింది నాయన కాదు, నేను.

గిరి